గాలి దారిలో ఎర్ర గుడ్డ

చేతులు తుడుచుకుందామని కోటు జేబులో చెయ్యి పెడితే గుడ్డ తగల్లేదు. రెండో జేబులోనూ లేదు. జరిగింది అంతే. కొండ కింద ఎండ అప్పుడే కాస్త చురుక్కుమంటోంది, పోటీ కార్లు వరుసలో ఒక్కొక్కటీ ముందుకు జరుగుతున్నాయి, రెండేసి నిమిషాలకు ఒకదాన్ని జెండా ఊపి కొండ మీదికి వదులుతున్నారు, మా అమ్మాయి కారు పదిహేడోది, దాని ముందు ఇంకా పన్నెండున్నాయి. జేబులో గుడ్డ లేకపోవడం కూడా ఒక సంగతేనా? కానీ నా చెయ్యి జేబులోనే ఉండిపోయింది. పొద్దున ఆరున్నరకు, ఇంజనుకు గాలి తీసుకెళ్లే రబ్బరు గొట్టం ఒకచోట నెర్రె ఇచ్చిందని విప్పి కొత్తది వేశాను. పాతది ఊడదీయగానే, తెరుచుకున్న పైపులో దుమ్మో నట్టో పడకుండా చేతిలో ఉన్న ఎర్ర గుడ్డను దాని మూతిలో కుక్కాను. కుక్కడం కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. బొటనవేలితో లోపలికి నెట్టడం, అంచున వేలాడుతున్న దారప్పోగు, అన్నీ. తీయడం మాత్రం కనిపించడం లేదు. కొత్త గొట్టం తొడగడం ఉంది, రెండు క్లిప్పులూ బిగించడం ఉంది, ఆ రెంటికీ ముందు ఉండాల్సిన ఒక్క పని లేదు.

తీసే ఉంటాను. తీయకుండా ఎలా తొడుగుతాను? ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పని, ఆ మాత్రం చేతులకే తెలియదూ? అయితే ఆ గొట్టం ఉన్నచోటు కళ్లకు అందే చోటు కాదు. బ్యాటరీ పక్కనుంచి మోచేతి దాకా దూర్చి, చెంప బానెట్ అంచుకు ఆనించి, ఎటో చూస్తూ తడుముకుని చేసే పని. గుడ్డ లోపలికి జారిపోయి ఉంటే వేళ్లకు తగలదు. పైగా సరిగ్గా అప్పుడే మా ఆయన వచ్చి టీ చల్లారిపోతోందని గోల పెట్టాడు, సరిగ్గా అప్పుడే మైకులో కార్లన్నీ వరుసలోకి రావాలని ఎవరో గొంతు చించుకున్నారు. అటో కేక, ఇటో కేక, మధ్యలో నా చెయ్యి ఏం చేసిందో నా చేతికే తెలియాలి. చెయ్యి చెప్పదు కదా.

నన్ను అందరూ గాలమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది మా మామయ్య, అమ్మకు తమ్ముడు, నాకు పని నేర్పిన గురువు. పోయి పదేళ్లయింది. "పెట్రోలు ఎవడైనా పోస్తాడే, గాలి పట్టించడంలోనే ఉంది పనితనమంతా" అనేవాడు, పదిహేనేళ్ల పిల్లని కూడా చూడకుండా నా చేతికి కార్బొరేటర్ ఇచ్చి, నోటితో ఊది చూడమనేవాడు. ఎంత గాలి అందితే అంత పెట్రోలు మండుతుంది, ఎంత మండితే అంత బలం. మామూలు ఇంజను తనకు చేతనైనంత తనే పీల్చుకుంటుంది. టర్బో ఉన్నదానికి ఆ కరువు లేదు. బయటికి పోయే వేడిపొగ వెళ్తూ వెళ్తూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని లోపలికి తోస్తుంది. మామయ్యకు మొదట్లో అది మింగుడు పడలేదు. "ఆకలేసినంత పెట్టాలి గానీ పట్టుకుని నోట్లో కుక్కుతారటే?" అనేవాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, విప్పిన టర్బోను ఒళ్లో పెట్టుకుని, వేలితో చక్రం తిప్పుతూ, అది ఆగేదాకా చూసి మళ్లీ తిప్పుతూ, భోజనానికి పిలిచినా లేవలేదు.

ఈ ఏడు నెలలూ నేనూ అమ్మాయీ చేసిందంతా ఆ గాలికి దారి బాగుచేయడమే. ఇంజను తన వేడిగాలి తనే తాగుతోందని ఫిల్టరును బంపరు వెనక, చల్లగాలి తగిలే చోటికి మార్చాం. టర్బో ఒత్తిన గాలి కాగిపోతుంది, కాగితే ఉబ్బి పలచబడుతుంది, అందుకని దాన్ని చల్లార్చే జాలీ పెట్టెను పాతదానికి రెండింతలది తెచ్చి వేశాం. వంకరటింకర పైపుల బదులు మెలికలు తక్కువైనవి వేశాం. ఇంజను పైనుండే హెడ్డు విప్పి లోపలి దారులు వేలికి గరుకు తగలనంతగా సానబట్టాను. ప్యాకింగ్ అంచు వెంట్రుకవాసి దారిలోకి పొడుచుకొస్తే దాన్నీ వదల్లేదు, భూతద్దం పెట్టి కోశాను. పొగ పోయే గొట్టం వెడల్పు చేశాం, ఇంట్లోకి పదిమంది రావాలంటే ముందున్నవాళ్లు బయటికి పోవాలి గదా. ఆఖరికి, వచ్చే గాలికి తగ్గట్టు పెట్రోలు కొలత సరిచేశాం. అంత చేసి, వెంట్రుకవాసి అంచును ఓర్వని ఆ దారిలో చేతిరుమాలంత గుడ్డ!

ఆరో కారు వెళ్లిపోయింది. దాని చప్పుడు రెండో మలుపు దాకా వినిపించి తెగిపోయింది.

అయినా ఇంజను బాగానే తిరుగుతోంది కదా, అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. గుడ్డ అడ్డం ఉంటే వరుసలోకి వచ్చేటప్పుడే దగ్గుతూ వచ్చేది. ఉక్కిరిబిక్కిరయ్యేది. కానీ మెల్లగా వచ్చే కారుకు ఎంత గాలి కావాలి గనక? పైపు అడుగున గుడ్డ పడుకుని ఉంటే దాని మీదుగా ఆ కాస్త గాలీ పోతుంది, ఏమీ తెలియదు. కొండ ఎక్కేటప్పుడు, టర్బో నిండా ఊపిరి తీసుకున్నప్పుడు, ఆ గుడ్డ లేచి ఎగిరి వెళ్లి ఇంజను ముంగిట్లో ఉండే రేకు తలుపులో ఇరుక్కుంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుని, కాలు తీస్తే మూసుకునే తలుపది. గుడ్డ ఇరుక్కుంటే కాలు తీసినా మూసుకోదు. కారు ఆగనంటుంది. నాలుగో మలుపుకు ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క ఏమీ లేదు. నిన్న నడిచి చూసొచ్చాం, అమ్మాయి అక్కడ నిలబడి కిందికి తొంగిచూసి, "ఇక్కడ మాత్రం కాలు తీసెయ్యాలమ్మా, అంతకంటే వేరే కిటుకు లేదు" అంది.

మా ఆయన వ్యాను మెట్టు మీద, కొండకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. కూతురు కారు కదిలిన క్షణం నుంచి పైకి చేరిందన్న మాట వినేదాకా అటు తిరగడు. ఆయన టైలరు. మా షెడ్డుకు వచ్చే గుడ్డలన్నీ ఆయన కత్తెర కింద మిగిలినవే. ఈ వారం ఎవరివో కోట్లకు ఎర్ర లైనింగు కుట్టాడు, అందుకే అన్నీ ఎర్రవే.

"ఇవాళ నాకు ఎన్ని గుడ్డలిచ్చారు?" అన్నాను.

"ఎన్నంటే? గుప్పెడు. గుడ్డలు ఎవరైనా లెక్కపెడతారా?"

"ఎర్రవి ఎన్ని?"

ఆయన నా మొహం చూశాడు. ముప్ఫై ఏళ్ల కాపురంలో మనిషి కొలతలన్నీ తెలిసిపోతాయి కాబోలు. "ఏమైంది?" అన్నాడు గొంతు తగ్గించి. ఏం లేదన్నాను. వ్యానులో ఉన్న గుడ్డలు కింద పోసి చూశాను. ఎర్రవి నాలుగు. నాలుగు ఉన్నాయంటే అయిదు ఇచ్చినట్టా, నాలుగే ఇచ్చినట్టా? చెత్తబుట్టలో చూశాను. టీ గ్లాసుల కింద చూశాను. పాత గొట్టం లోపల కూడా చూశాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అవుతుందేమోనని నా భుజాలూ నడుమూ కూడా తడుముకున్నాను. తొమ్మిదో కారు వెళ్లింది.

సబ్బు వాసన. ఎక్కడిదో, పక్క గుడారంలో ఎవరో చేతులు కడుక్కుంటున్నారేమో, ఆ వాసన ముక్కుకు తగలగానే మొహం పక్కకు తిప్పుకున్నాను. ఆరేళ్లుగా ఆ వాసనంటే నాకు అంతే, ఇంట్లో ఆ రకం కొననివ్వను, ఎందుకని అడిగితే చర్మానికి పడదని చెప్తాను. ఆరేళ్ల కిందట మా ఊరి బడి డ్రాయింగు మాస్టారు తన కారు ఎత్తులు ఎక్కడం లేదని తెచ్చారు. టర్బో పాతబడింది, పైపులు నలిగాయి, అన్నీ సరిచేసి సాయంత్రం అప్పగించాను. ఆయన భార్యనీ రంగుల పెట్టెనీ ఎక్కించుకుని చెయ్యి ఊపి వెళ్లిపోయారు. నేను కుళాయి దగ్గర చేతులకు సబ్బు రాసుకుంటున్నాను. అప్పుడనిపించింది, రెండో క్లిప్పు బిగించానా? ఇప్పటి లాగే. అచ్చం ఇప్పటి లాగే. ఫోను రెండడుగుల్లో బల్ల మీద ఉంది. చేతులకు సబ్బుంది. బిగించే ఉంటాన్లే అనుకున్నాను. ఫోను చేసి ఒకసారి ఆపి చూసుకోండి అంటే ఏమనుకుంటారు, ఆడమనిషికి పని అప్పగిస్తే ఇంతే అనుకోరూ? అనుకున్నాను. నీళ్లు తిప్పి కడిగేసుకున్నాను.

మర్నాడు లారీని దాటబోతుండగా గొట్టం ఊడింది. సగం దాటాక కారులో బలం చచ్చిపోయింది, ఎదురుగా ఇంకో లారీ. ఆయన స్టీరింగు తిప్పేసి రోడ్డు పక్క గోడకు గుద్దారు. భార్యకు గీతలు పడ్డాయి, ఆయన ఎడమ మణికట్టు రెండుచోట్ల విరిగింది. ఇప్పటికీ అది పూర్తిగా తిరగదు. మూడు నెలల తర్వాత అదే కారు, అతుకులు వేయించినది, మళ్లీ నా దగ్గరికే తెచ్చి నూనె మార్చమన్నారు. "యంత్రమన్నాక ఊడుతుందండీ, దానికేం చేస్తాం" అన్నారు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. క్లిప్పు ఊడిందని అందరికీ తెలుసు. ఊడుతుందేమోనని నాకు ముందే అనిపించిందని ఎవరికీ తెలియదు. మా ఆయనకు కూడా. ఆ తర్వాత టర్బో ఉన్న కారు వస్తే వేరే షెడ్డుకు పంపేదాన్ని. నూనెలు, బ్రేకులు, చక్రాలు. గాలమ్మ గాలి ముట్టుకోవడం మానేసింది.

మళ్లీ ముట్టుకునేలా చేసింది అమ్మాయే. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది, వెంట్రుక కంటే సన్నని తేడాలు పట్టే చెయ్యి. రెండేళ్ల కిందట ఈ కారును తుక్కులోంచి ఈడ్చుకొచ్చి షెడ్డులో పడేసి, "నువ్వు చెయ్యకపోతే నేనే చేస్తా. తప్పులు చేస్తుంటే చూస్తూ కూర్చో" అంది. చూస్తూ కూర్చోగలనా? పదిరోజులు కూర్చున్నాను. పదకొండో రోజు ఆమె చేతిలోంచి రెంచీ లాక్కున్నాను. పోయినేడు పోటీలో చోటు దొరకలేదు. ఈ ఏడు దొరికింది. వరుసలోకి వచ్చాక బానెట్ తెరిస్తే పోటీలోంచి తప్పుకున్నట్టే, అది ఇక్కడి నియమం. గుడ్డ ఉంటే నా తప్పు. లేకపోతే నా పిచ్చి. ఏదైనా పోయేది అమ్మాయి ఏడాది. నోరు మూసుకుని ఉంటే నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఏమీ కాదు. ఆ రోజు కుళాయి దగ్గర కూడా లెక్క ఇదే.

పన్నెండో కారు జెండా దగ్గరికి వచ్చింది. నా కాళ్లు ఎప్పుడు కదిలాయో తెలియదు, వరుస పక్కన గడ్డిలో నడుస్తున్నాను, పరుగెత్తడం లేదు, పరుగెత్తితే అందరూ చూస్తారని ఆ సమయంలో కూడా సిగ్గు. అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని కూర్చుని ఉంది. కిటికీ దించింది.

"ఏంటమ్మా, మొహం అలా ఉంది?"

"పొద్దున గొట్టం మార్చాను కదా. పైపు మూతిలో గుడ్డ పెట్టాను. తీశానో లేదో గుర్తు రావట్లేదు."

ఆమె కాసేపు ముందున్న కారు వెనకవైపే చూసింది. "తీసే ఉంటావ్."

"తీసే ఉంటాను."

"మరింకేంటి?"

"గుర్తు లేదే."

ముందున్న కారు జరిగింది. మా వెనకవాడు హారన్ కొట్టాడు. అమ్మాయి జరపలేదు. "నిజం చెప్పమ్మా. నూటికి ఎంత?"

"తొంభై తొమ్మిది తీసే ఉంటాను."

"ఆ ఒక్కటీ?"

"అది నాలుగో మలుపులో నీ కాలి కింద ఉంటుంది."

హెల్మెట్ లోపల ఆమె కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. వాటిలో నేను భయపడినంత కోపం ఉంది, దాని వెనక ఇంకేదో కూడా ఉంది. పళ్లతో చేతి తొడుగు లాగేసుకుని, కిందికి వంగి మీట లాగింది. బానెట్ టక్కుమని ఒక అంగుళం లేచింది. జెండా పట్టుకున్నావిడ గబగబా వచ్చింది, ఎండకు కందిన మొహం, మెడలో విజిలు.

"ఏమ్మా, ఇక్కడ తెరవకూడదని తెలుసుగా?"

"తెలుసండీ" అంది అమ్మాయి.

"తెరిస్తే ఈసారికి అంతే సంగతులు. మూసేస్తే నేనేం చూడలేదు."

అమ్మాయి దిగి, బానెట్ పూర్తిగా ఎత్తి కడ్డీ పెట్టింది. ఆవిడ నిట్టూర్చి, చేతిలోని అట్ట మీద పదిహేడును కొట్టేసింది.

కారును పక్కకు తోశాం. మా ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, ఎందుకు విప్పాడో ఆయనకే తెలియదు. క్లిప్పులు వదులు చేసి గొట్టం లాగాను. వేలు పెట్టాను. నునుపు. ఇంకా లోపలికి పెట్టాను. నునుపు. అమ్మాయి ఫోను దీపం వేసి పట్టుకుంది, నేను చూడలేకపోయాను, తనే వంగి చూసింది. "ఏం లేదు" అంది. ఇంజను ముంగిటి రేకు తలుపును వేలితో తెరిచింది, మూసింది. "ఇక్కడా లేదు." జాలీ పెట్టె వైపు కొస కూడా విప్పమన్నాను. విప్పింది. పైపు మొత్తం చేతిలోకి తీసి ఆకాశం వైపు ఎత్తి, దూరదర్శినిలో చూసినట్టు చూసింది. అటు కొసన గుండ్రంగా నీలం రంగు వెలుతురు. నాకూ చూపించింది. నేనూ చూశాను. పైపు నిండా ఆకాశం తప్ప ఏమీ లేదు.

గడ్డిలో కూలబడ్డాను. నవ్వు వస్తోంది, ఏడుపూ వస్తోంది, ఏది ముందు రావాలో తేల్చుకోలేక రెండూ తోసుకుంటున్నాయి. లేదు. గుడ్డ లేదు. పైకి వెళ్లినా ఏమయ్యేది కాదు. ఏమయ్యేది కాదన్న సంగతి తెలియడానికి ఏడాది ఖర్చయింది, అయినా నా ఒళ్లు దూదిపింజలా తేలిపోతోంది. అమ్మాయి మాత్రం తొడుగు నేలకేసి కొట్టి, కంచె దాకా వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడింది. పదహారో కారు వెళ్లింది. తన వంతు రావాల్సిన రెండు నిమిషాలూ ఖాళీగా గడిచాయి. పద్దెనిమిదో కారు వెళ్లింది. అప్పుడు వెనక్కి తిరిగి వచ్చింది.

"చెప్పకపోయి ఉంటే ఈపాటికి పైన ఉండేదాన్ని" అంది.

"ఉండేదానివి."

"అంత ధైర్యం ఎలా వచ్చిందమ్మా నీకు, తొంభై తొమ్మిది పాళ్లు ఉండి కూడా?"

ధైర్యమట. అప్పుడు చెప్పాను. కుళాయి, సబ్బు, రెండడుగుల దూరంలో ఫోను, ఏమనుకుంటారోనన్న సిగ్గు, అన్నీ. అంత సేపేం పట్టలేదు. ఆరేళ్లు మోసిన మాట చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టకపోవడం చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. చెప్పి తలెత్తలేదు. చుట్టూ కార్ల చప్పుడు, మైకు గోల. మా ఆయన పక్కన చతికిలబడి, నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, మసి నిండిన గోళ్ల కేసి చూస్తూ, "ఆరేళ్లూ ఆ సబ్బు చేతులతోనే తిరిగావటే?" అన్నాడు.

అమ్మాయి నా భుజానికి భుజం ఆనించి కూర్చుంది. కాసేపటికి, "మాస్టారికి చెప్పాలమ్మా" అంది. "చెప్తాను" అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఇన్నాళ్లూ అదే మాట గొంతులో అడ్డంగా ఎందుకు పడుకుందో అర్థం కాలేదు. ఆయన ఏమంటారో తెలియదు. ఈసారి నిజంగానే తిట్టవచ్చు. తిట్టనీ.

"ఇక నుంచి గుడ్డలకు నంబర్లు కుట్టి ఇస్తా" అన్నాడు మా ఆయన. "పనైపోయాక అన్నీ లెక్క చూపించాకే మీ ఇద్దరికీ భోజనం." అమ్మాయి ఫక్కుమని నవ్వింది. ఆ ఎర్ర గుడ్డ ఏమైందో ఈనాటికీ తెలియదు. గాలికి ఎగిరిపోయి ఉండాలి.

చివరి కారు కూడా వెళ్లిపోయాక జెండా ఆవిడ మా దగ్గరికి వచ్చింది. గొట్టం బిగించేశాం అప్పటికి. ఒక్కో క్లిప్పూ నేను బిగిస్తే అమ్మాయి, అమ్మాయి బిగిస్తే నేను, రెండేసి సార్లు చూశాం. "గడియారం పెట్టను. లెక్కలోకి రాదు" అంది ఆవిడ. "కానీ దారి ఇంకో పావుగంట మూసే ఉంటుంది. ఇంత దూరం వచ్చారు, ఎక్కి చూసుకోండి. కావాలంటే పక్కన ఒకరు కూర్చోవచ్చు." మా ఆయన అప్పటికే నాలుగడుగులు వెనక్కి వేశాడు. "నేను నడిచొస్తా" అన్నాడు.

నేను తయారుచేసిన కారులో నేను కూర్చుని ఆరేళ్లయింది. ఎవరిదో హెల్మెట్ నెత్తిన పెట్టారు, పట్టీలు బిగించారు. అమ్మాయి నా వైపు చూసి కళ్లతోనే అడిగింది, నేను తలూపాను. మొదటి గేరులో చక్రాల కింద రాళ్లు చిమ్మాయి. రెండో గేరులో, ముందు ఏమీ లేనట్టుండి, ఆ తర్వాత ఎక్కడో లోతు నుంచి సన్నటి ఈల ఒకటి లేచింది, లేచి లేచి, వీపును సీటులోకి అదిమేసింది. ఏడు నెలలు వేలితో తడిమిన ప్రతి నునుపూ, కోసిన ప్రతి అంచూ ఆ తోపులో ఉంది. గాలి వస్తోంది, చల్లగా, నిండుగా, ఎక్కడా తట్టుకోకుండా వస్తోంది. మొదటి మలుపు, రెండో మలుపు, జనం రంగుల మరకల్లా వెనక్కి పోతున్నారు. నాలుగో మలుపులో రాతిగోడ నా వైపు, ఏమీ లేనిది అమ్మాయి వైపు. అమ్మాయి కాలు తీసింది. రేకు తలుపు మూసుకుంది. నిలిచిపోయిన గాలి పక్కనున్న చిన్న మూతలోంచి ఉస్సురుమంది, కారు తలవంచుకుని బుద్ధిగా మలుపు తిరిగింది, నేను ఎప్పటి నుంచి బిగపట్టానో తెలియని ఊపిరి నాలోంచి కూడా బయటికి పోయింది.

పైన బల్లపరుపు నేల మీద, తక్కిన కార్ల పక్కన ఆపింది. ఇంజను ఆపలేదు, వేడి దిగేదాకా ఊరికే తిరగనిచ్చింది, నేను నేర్పినట్టే. హెల్మెట్ తీసింది. జుట్టంతా చెమటకు నుదుటికి అంటుకుపోయింది.

"ఎలా ఉందమ్మా?"

కళ్లు మూసుకుని ఇంకాసేపు విన్నాను.

"మూడో గేరులో ఊపిరి కొంచెం ఆలస్యంగా అందుతోంది" అన్నాను. "టర్బోలోకి వచ్చే మూతి ఇంకాస్త వెడల్పు చెయ్యొచ్చు. దిగాక చూద్దాం."